సైడు రాడ్డు మీద పసుపు

ఆవిరి ఇంజనులో డ్రైవరు నిలబడే గదికి రెండు పక్కలా మెట్లుంటాయి. మా ఇంజనుకు ఒక పక్క మెట్టు తుప్పు పట్టి ఊడిపోతే అటువైపు ఇనప గొలుసు కట్టేశారు. ఇక మిగిలింది ఒకటే దారి. ఆ దారికి అడ్డంగా చేతిలో టేప్ రికార్డరు పట్టుకుని, పాత ఇంజను చప్పుళ్ళు పోగేసే తాడేపల్లి బ్యాంకు ఆఫీసరు గారు నిలబడ్డారంటే, లోపలున్న నాకు ఇక బయటపడే మార్గం లేదు.

"ఇప్పుడు స్టేషన్లోంచి బయల్దేరింది అనుకోండి. మొదటి నాలుగు చప్పుళ్ళు కానివ్వండి," అనేవారు ఆయన.

"ఛక్... ఛక్... ఛక్..."

"అబ్బే, అంత తొందరేంటండీ? వెనక పాతిక పెట్టెలున్నాయి మీకు!"

నేను మళ్ళీ మొదలుపెట్టేవాణ్ణి. స్టేషను అయ్యాక వంతెన, వంతెన అయ్యాక నల్లమల ఘాటు. నంద్యాల వైపు ఆ కొండ ఎక్కేటప్పుడు ఇంజను ఎలా రొప్పుతుందో నోటితో చేసి చూపించమనేవారు. నా ఎగశ్వాస చూసి ఎవరైనా డాక్టరు కోసం పరుగెత్తుతారేమోనని భయమేసేది. మధ్యలో ఆగితే ఊరుకునేవారు కాదు. ఒక్కటి మాత్రం నేనే చెప్పాను ఆయనకి: ఘాటు మధ్యలో ఆపితే బండి మళ్ళీ కదలదు, చక్రాలు ఉన్నచోటే తిరుగుతాయి, అందుకని ఏం జరిగినా పైదాకా వెళ్ళాల్సిందే అని. ఆ ముక్క పట్టుకుని ఆయన నన్ను ప్రతి రెండో శనివారం పైదాకా ఎక్కించేవారు.

ఇది తొంభైల చివరి సంగతి. నేను ఇరవై ఏళ్ళకు పైగా మీటరు గేజి బళ్ళ మీద ఫైర్‌మన్‌గా బొగ్గు వేశాను. పట్టాలు పీకి పెద్ద లైను వేశాక, డీజిలు ఇంజనులు వచ్చాక, చూపు పరీక్షలో తప్పిన నాలాంటి వాళ్ళను తలా ఒక మూలకు సర్దారు. నా వంతుకు ఈ ఇంజను వచ్చింది. గుంటూరు నుంచి నరసరావుపేట వైపు పోయే దారిలో ఒక చిన్న స్టేషను ముందు, సిమెంటు దిమ్మ మీద రెండు పట్టాలు పరిచి, దాన్ని నిలబెట్టారు. ఒళ్ళంతా నల్ల రంగు, చక్రాలకు ఎర్ర రంగు. తుడవడం, తాళం వేయడం, చూడవచ్చిన వాళ్ళ చేత పుస్తకంలో సంతకం పెట్టించడం నా డ్యూటీ. పదవీ విరమణకు ఇంకా మూడేళ్ళుంది.

స్టేషను డ్యూటీ కంటే నాకు పెద్ద డ్యూటీ ఇంకోటి ఉండేది. మా నాన్న పల్లెల్లో తిరిగి వాక్యం చెప్పిన ఉపదేశి. నాకు అక్షరాలు వచ్చిందే ఆయన చదివించిన లేఖనాల మీద. మా సంఘంలో నేను పెద్దల్లో ఒకణ్ణి. ఆదివారం పిల్లలకు పాఠం చెప్పేవాణ్ణి, నెలకోసారి ప్రభువు బల్ల దగ్గర రొట్టె పళ్ళెం పట్టుకుని వరసల మధ్య నడిచేవాణ్ణి. బొగ్గు నలుపు గోళ్ళలోంచి పోని రోజుల్లో కూడా ఆ పళ్ళెం పట్టుకోవడానికి నన్ను పిలిచారు. అంతకు మించిన గౌరవం నా జీవితంలో లేదు, నేను కోరలేదు.

మిరప కోతల రోజుల్లో ఒక ఉదయం ఇంగ్లండు నుంచి ఒక దొర వచ్చాడు. ఆరడుగుల మనిషి, మోకాళ్ళ దాకా నిక్కరు, మెడలో రెండు కెమెరాలు. ఆయన ఇంగ్లీషు నాకు సగమే అర్థమయ్యేది, నా ఇంగ్లీషు ఆయనకు అదీ కాదు. కానీ ఇంజను దగ్గరికొచ్చేసరికి ఇద్దరికీ భాష అక్కర్లేకపోయింది. ఆయన చెయ్యి చూపిస్తే నేను పేరు చెప్పేవాణ్ణి, నేను పేరు చెబితే ఆయన చిన్నపిల్లాడిలా తలూపేవాడు. గది పక్కన బిగించిన నంబరు పలక చూసి మాత్రం పెదవి విరిచాడు. పలక ఎవరైనా మార్చొచ్చు, అసలు నంబరు లోపలి సామాన్ల మీద కొట్టి ఉంటుంది అని ఆయన ఉద్దేశం.

అంతటితో నేల మీద బోర్లా పడుకున్నాడు. ఇంజను కిందికి చూడటానికి గడ్డం మట్టికి ఆనించి, కెమెరా పట్టుకున్న రెండు చేతులూ ముందుకు చాచి, అలాగే పది నిమిషాలు ఉన్నాడు. తరువాత లేచి చక్రాలను కలిపే సైడు రాడ్డు మీద నాణెంతో గీకడం మొదలుపెట్టాడు. నల్ల రంగు పొరల కింద ఏవో అంకెలు తగులుతున్నాయి గానీ కనపడటం లేదు. సుద్దముక్క కావాలని సైగ చేశాడు. గుంటల్లో సుద్ద నింపితే అంకెలు తేలతాయి. ఎదురుగా ఉన్న కొట్టుకు పరుగెత్తాను. కొట్టాయన దగ్గర సుద్దలు లేవు. పొడిలాంటిది ఏదున్నా సరే అంటే పసుపు పొట్లం ఇచ్చాడు.

అరచేతిలో పసుపు పోసుకుని నేను నిలబడ్డాను. దొర వేలితో తీసి రాడ్డు మీద రుద్దాడు. నాలుగు అంకెలు పచ్చగా తేలాయి.

ఆ అంకెలు నాకు తెలుసు. పలక మీద ఉన్న నంబరు కాదది. నేను ఉద్యోగంలో చేరిన తొలి ఏడు బొగ్గు వేసిన ఇంజనుది. ఆ ఇంజనును ఎప్పుడో ముక్కలు చేసి అమ్మేశారనుకున్నాను. షెడ్డులో ఎవరో దాని రాడ్డు తీసి దీనికి వేశారన్నమాట. దొర ఆనందంతో నా భుజం తట్టాడు. రాడ్డు మీద చెయ్యి పెట్టి ఊరికే నిలబడిపోయాను.

ఆ సమయానికి పక్కన రైల్వే గేటు పడి ఉంది. దర్శి, వినుకొండ వైపు నుంచి గుంటూరు మార్కెట్ యార్డుకు పోయే మిరపకాయల లారీలు వరసగా ఆగి ఉన్నాయి. బస్తాల మీద కూర్చున్న రైతులకు ఇదంతా సినిమా తెర మీద కనపడ్డంత బాగా కనపడింది. వాళ్ళ మాటలూ నాకు బాగానే వినపడ్డాయి.

"ఏందిరా అది? దొర సాష్టాంగ పడ్డాడు!"

"ఇంజనుకా?"

"ఆళ్ళు చేసిందే గదరా. ఆళ్ళకు ఇలవేల్పేమో."

"ఊరికే పడతాడా అంత దూరం నుంచొచ్చి? పసుపు గూడా పెట్టాడు, చూడు."

"పక్కన పూజారి గూడా ఉన్నాడుగా, కాకీ చొక్కాయన."

నేను వెనక్కి తిరిగి ఏదో చెప్పబోయాను. గేటు లేచింది, లారీలు కదిలాయి. అన్నిటికంటే ముందు లారీ మీది పెద్దాయన నాకే రెండు చేతులూ జోడించి వెళ్ళాడు.

మర్నాడు పొద్దున వచ్చేసరికి పసుపు మధ్యలో ఎర్రటి బొట్టుంది. దొర వెళ్ళిపోయాడు, బొట్టు ఉండిపోయింది. మూడో రోజుకు ఆ పెద్దాయన లారీ సరుక్కి యార్డులో మంచి ధర పలికిందని వార్త వచ్చింది. నాలుగో రోజుకు కొబ్బరికాయ. వారం తిరిగేసరికి గేటు పడితే చాలు, లారీ డ్రైవర్లు దిగొచ్చి చక్రం కింద నిమ్మకాయ పెట్టి పోతున్నారు. రెండో శనివారం వచ్చిన బ్యాంకు ఆఫీసరు గారు రంగు పాడైపోతోందని ముందు లబోదిబోమన్నారు. ఆ తరువాత, ఇనుము మీద కొబ్బరికాయ పగిలే చప్పుడు బాగుందని అదీ రికార్డు చేసుకున్నారు.

నేను ఊరుకోలేదు. వచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పాను.

"ఇది దేవత కాదమ్మా, ఇంజను. అక్కడున్నది నంబరు."

"నంబరేలే అయ్యా. కొంచెం పక్కకు జరుగు, హారతియ్యాలి."

తుడిచేద్దామని కిరోసిను, కాటన్ వేస్టు అనే నూలు పీచు తీసుకుని ఉపక్రమించిన రోజే మా ఇంజనీరు గారు ఇన్స్పెక్షనుకు వచ్చారు. సంతకాల పుస్తకం నిండిపోవడం చూసి ఆయన ముఖం వెలిగింది.

"అది తుడవకు. జనం మనసు నొచ్చుకుంటే గొడవలవుతాయి."

"తుడవడమే కదండీ నా డ్యూటీ?"

"మిగతాదంతా తుడువు. ఆ మూర వదిలెయ్. గొడవైందంటే నిన్ను గుంతకల్లు పంపేస్తారు, తరువాత నన్ననుకోవద్దు."

అలా నలభై అడుగుల ఇంజనులో ఒక మూరెడు మాత్రం నాది కాకుండా పోయింది.

సంగతి సంఘానికి చేరడానికి ఎంతో కాలం పట్టలేదు. ఒక బుధవారం ప్రార్థన అయ్యాక నన్ను ఉండమన్నారు. పాస్టరు అయ్యగారు, ఇంకో పెద్ద, అందరికంటే వయసులో పెద్దవారైన తెలుగు మాస్టారు కూర్చున్నారు. బడిలో నాకు పాఠం చెప్పిన మాస్టారే. ఆయన అడిగితే నాకు ఇప్పటికీ బెంచీ మీద నిలబడ్డట్టే ఉంటుంది.

"పసుపు కొన్నది నువ్వేనా?"

"నేనేనండి."

"నీ చేత్తోనే పూశావా?"

"దొర పూశాడండి. నేను అరచేతిలో పట్టుకున్నాను."

"అంటే పళ్ళెం పట్టావన్నమాట."

నంబరు సంగతి, సుద్ద సంగతి చెప్పాను. చెబుతుంటే నాకే కట్టుకథలా వినిపించింది. మాస్టారు తలెత్తకుండా అన్నారు:

"లేఖనాల్లో, పాము కరిచినవాళ్ళు చూసి బతకాలని అరణ్యంలో ఎత్తిన ఇత్తడి సర్పం కూడా మంచికే చేశారయ్యా. తరువాత వాళ్ళు దానికి ధూపం వేస్తే ఏం చేయాల్సొచ్చింది? పగలగొట్టాల్సొచ్చింది."

"రైల్వే ఆస్తి కదండీ, నేనెలా పగలగొట్టను?"

అయ్యగారికి నవ్వొచ్చి దగ్గు కింద మార్చుకున్నారు. మాస్టారు నవ్వలేదు. వచ్చేది మొదటి ఆదివారం, బల్ల ఆరాధన. ఆ లోపల రాడ్డు మీద పసుపు పోవాలి, లేదా నేను బల్లకు, పిల్లల పాఠానికి దూరంగా ఉండాలి. శనివారం తామే వచ్చి చూస్తామన్నారు.

ఇంటికెళ్ళి మా ఆవిడతో చెబితే, "గుంతకల్లులో మన సంఘం ఉందా?" అని ఒక్క మాట అడిగి వంటింట్లోకి వెళ్ళిపోయింది. గుంతకల్లుకు నేను వెళ్ళగలను. కానీ పసుపు పళ్ళెం పట్టిన చేతులని ఇక్కడ ముద్ర పడ్డాక, ఏ ఊరి బల్ల దగ్గరికి మాత్రం ఏ ముఖంతో వెళ్ళను?

ఆ రాత్రుళ్ళు మోకాళ్ళ మీద నన్ను నేను పరీక్షించుకున్నాను. మాస్టారు అడగని ప్రశ్న ఒకటి నన్ను తొలిచేది. కొట్టుకు నేను పరుగెత్తింది దొర మీద మర్యాదతోనా? ఆ అంకెలు తేలినప్పుడు నా గుండె కొట్టుకున్న తీరు దేవుని సన్నిధిలో ఎన్నిసార్లు కొట్టుకుంది? లారీ మీది వాళ్ళు దొరను చూసి పొరబడ్డారు. నన్ను చూసి పూర్తిగా పొరబడ్డారని మాత్రం నేను గట్టిగా అనలేకపోయాను.

శనివారం మధ్యాహ్నం గేటు పడింది. లారీలోంచి ఒకావిడ దిగి పరుగులాంటి నడకతో వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. ఒక చేతిలో కొబ్బరికాయ, కొంగు ముడిలో పసుపు. దర్శి దగ్గర పల్లె అంది. భర్త పత్తికి మందు కొడుతూ చేలోనే పడిపోయాడట. గుంటూరు ఆసుపత్రిలో మూడు రోజులుగా కళ్ళు తెరవలేదట.

"నీ చేత్తో పెట్టయ్యా. మొదట పెట్టింది నువ్వేనంట గదా."

"నేను పెట్టనమ్మా. ఇది వట్టి ఇనుము."

"అట్టా అనమాక. అంత దూరం నుంచొచ్చిన దొర పెట్టాడు గదా?"

ఇక మాటలతో కాదనిపించింది. ఇంజనీరు గారు గుర్తొచ్చారు, గుంతకల్లు గుర్తొచ్చింది. కిరోసినులో ముంచిన కాటన్ వేస్టుతో ఆ మూరెడూ రుద్దేశాను. పసుపు, కుంకుమ, నూనె జిడ్డు అంతా ఊడొచ్చింది. ఉక్కు మీద నాలుగు అంకెలు మిగిలాయి.

"చూడమ్మా. దొర చూసింది ఇదే. నంబరు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పనిచేసిన ఇంజను నంబరు. దీనికి చెవుల్లేవు."

ఆవిడ వంగి చూసింది. వేలితో ఒక్కో అంకె తడిమింది. నామీద కోపం తెచ్చుకోవాలో వద్దో తెలియనట్టు నా ముఖంలోకి చూసింది.

"మరి నేనెవురికి చెప్పుకోవాలయ్యా?"

చేతిలోని కాటన్ వేస్టు కింద పడేశాను.

"నీకు దేవుడున్నాడా?"

"ఉన్నాడమ్మా."

"ఆయనకు చెవులున్నాయా?"

"ఉన్నాయమ్మా."

"అయితే చెప్పు. ఇప్పుడే చెప్పు. గేటు లేస్తే లారీ పోద్ది."

చేతులు జోడించి కళ్ళు మూసుకున్నాను. ఇంజనుకు వీపు పెట్టి నిలబడాలన్న తెలివి అప్పుడు రాలేదు. ఆవిడ రాడ్డును ఆనుకుని ఏడుస్తోంది, నేను ఆ రాడ్డుకు ఎదురుగా తల వంచి ఉన్నాను. ప్రార్థన ఇంకా ఆవిడ భర్త దగ్గరికి రాకముందే రోడ్డు మీద మోపెడ్ చప్పుడు వినిపించింది. అయ్యగారి మోపెడ్ నేను నిద్రలో కూడా గుర్తుపడతాను. బండి ఆగింది. కంకర మీద మూడు జతల చెప్పుల చప్పుడు దగ్గరికొచ్చి నిలిచింది.

కళ్ళు తెరిస్తే చాలు. ఒక్క అడుగు పక్కకు జరిగి, రండి అయ్యగారూ, పసుపు తుడిచేశాను, చూడండి అంటే అంతటితో అయిపోయేది. రేపు పళ్ళెం నా చేతిలో ఉండేది. కానీ ఆవిడ మాట ఇంకా దేవుని చెవిన వేయలేదు. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. మూసిన కళ్ళ మీదికి చెమట కారింది. భర్త గురించి అడిగాను, ఆయన ఊపిరి గురించి, కళ్ళ గురించి, ఆయన చేను గురించి, ఆవిడ గుంటూరు దాకా చేయాల్సిన ప్రయాణం గురించి అడిగాను. లారీ హారను మోగింది. ఆమేన్ అన్నాను.

ఆవిడ కళ్ళు తుడుచుకుని కొబ్బరికాయ నా చేతిలో పెట్టింది. "ఇంటికి తీసకపోగూడదయ్యా. నువ్వే ఉంచుకో," అని పరుగెత్తింది. కాదనే లోపల లారీ ఎక్కేసింది.

వెనక్కి తిరిగాను. చేతిలో కొబ్బరికాయ, ఎదురుగా ముగ్గురు పెద్దలు.

"ఏంటయ్యా ఇది?" అన్నారు మాస్టారు.

"ప్రార్థనండి."

"ఎవరికి?"

ఆ రెండో ప్రశ్నే నన్ను ఎక్కువ గుచ్చింది. జరిగింది చెప్పాను. మాస్టారు వెళ్ళి రాడ్డు చూశారు, అంకెలు చదివారు, వచ్చి సిమెంటు బల్ల మీద కూర్చుని చేతికర్ర మీద గడ్డం ఆనించారు. ఇంకో పెద్ద ఆయన చెవిలో ఏదో అన్నాడు. అయ్యగారు నన్ను చూసి, "మీరు పైకి రండి," అని తానే ముందు మెట్టెక్కి డ్రైవరు గదిలోకి వెళ్ళారు. నన్ను లోపలికి పోనిచ్చి, తాను మెట్ల దగ్గర నిలబడ్డారు.

"మా మోపెడ్ చప్పుడు వినపడలేదా?"

"వినపడిందండి."

"మరి కళ్ళు తెరవలేదేం?"

"మధ్యలో ఉన్నానండి."

ఆయన బాయిలరు తలుపు వైపు చూశారు. తరువాత మెల్లగా చెప్పారు. మాస్టారితో తాను మాట్లాడతారట. పిల్లల పాఠం నాకే ఉంటుంది. కానీ చూసినవాళ్ళు చూశారు, ఊళ్ళో మాట ఆగాలి, కాబట్టి మూడు నెలలు బల్లకు దూరంగా ఉండాలి. సరేనన్నాను. మూడు నెలలంటే మూడు ఆదివారాలే. అయినా ఇరవై ఏళ్ళలో నేను ఒక్కసారి కూడా రొట్టె తీసుకోకుండా లేచి బయటికి రాలేదు.

అయ్యగారు దిగలేదు. ఆ ఒక్క దారికి అడ్డంగానే ఉన్నారు. ఆవిరి తీసే పిడి మీద చెయ్యి వేసి, తీసి, మళ్ళీ వేశారు.

"చిన్నప్పుడు నన్ను నంద్యాలలో హాస్టల్లో వేశారు. ఈ బండిలోనే తీసుకెళ్ళేవాడు మా నాన్న," అన్నారు. "కొండ ఎక్కేటప్పుడు ఒక చప్పుడు చేసేది. ఏడుస్తూ కూర్చున్నవాణ్ణి ఆ చప్పుడు వింటూ ఏడుపు మర్చిపోయేవాణ్ణి. ఎలా ఉండేదో ఇప్పుడు గుర్తు రావట్లేదు బ్రదర్. మీకు..."

ఆయన ముఖం చూశాను. రెండో శనివారాల్లో నేను చూసే ముఖమే అది.

కొబ్బరికాయ బొగ్గు పెట్టె మీద పెట్టాను. గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. ముందు మెల్లగా, పాతిక పెట్టెల బరువుతో. తరువాత ఘాటు మొదలైంది. రొప్పు పెరిగింది, మధ్యలో చక్రం జారి మళ్ళీ పట్టుకునే చప్పుడు కూడా చేశాను. అయ్యగారు కళ్ళు మూసుకున్నారు.

కింద నుంచి మాస్టారి గొంతు ఖంగుమంది.

"ఏం జరుగుతోందయ్యా పైన? ఏంటా చప్పుళ్ళు?"

అయ్యగారు కళ్ళు తెరవలేదు. నేనూ ఆపలేదు.

ఆ తరువాత సంగతులు చెప్పడానికి ఎంతో లేవు. నన్ను గుంతకల్లు పంపలేదు. సుద్దా పసుపూ గొడవ లేకుండా అంకెలకు తెల్ల రంగు వేయించమని అర్జీ పెట్టుకున్నాను, వేశారు. అప్పట్నుంచి అంకెకో బొట్టు చొప్పున నాలుగు బొట్లు వరసగా పెట్టి పోయేవాళ్ళు. పొద్దున్నే తుడిచేవాణ్ణి, ఎవరూ వద్దనలేదు. నాలుగో నెల మొదటి ఆదివారం పళ్ళెం నా దగ్గరికి తెచ్చింది మాస్టారే. రొట్టె తుంచుకునేటప్పుడు నా వేళ్ళ కిరోసిను వాసన ఆయనకూ తెలిసే ఉంటుంది.

దర్శి నుంచి వచ్చినావిడ మళ్ళీ కనపడలేదు. ఆవిడ భర్త కళ్ళు తెరిచాడో లేదో నాకు తెలియదు. పేరడగడానికి కూడా అప్పుడు వ్యవధి లేకపోయింది. ఇప్పటికీ ప్రార్థనలో వాళ్ళ దగ్గరికి వచ్చేసరికి పేర్లు లేక, ఆ లారీలో ఎక్కినావిడ అనే చెబుతాను. ఎవరో ఆయనకు తెలుసు.